అప్‌డేట్: గిద్యోనులా గుర్తు అడగొచ్చా అన్నది నేనే

దుబాయ్ ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అని, బైబిల్లోని ఇశ్రాయేలు నాయకుడు గిద్యోనులా దేవుణ్ణి గుర్తు అడగొచ్చా అన్నాను కదా. మీరు చెప్పినట్టే అతని కథ ఉన్న న్యాయాధిపతుల గ్రంథం 6వ అధ్యాయం మొత్తం చదివాను. గుర్తు కోసం కళ్లంలో గొర్రెబొచ్చు పరచకముందే దేవుడు తోడుంటానని అతనికి మాటిచ్చేశాడు! అయినా ధైర్యం చాలక, మంచు బొచ్చు మీదే పడాలని గుర్తు అడిగాడు. మొదటి రాత్రి నేలంతా పొడి, బొచ్చు పిండితే పాత్ర నిండా నీళ్లు. మర్నాటికి రివర్స్‌లో, బొచ్చు పొడిగా, నేల తడిగా ఉండాలని అడిగాడు. దేవుడు కోప్పడలేదు, అదే నాకు నచ్చింది. మత్తయి సువార్త 12లో యేసును సూచన (గుర్తు) అడిగిన పరిసయ్యులకు, అంటే యూదు మతపెద్దలకు మాత్రం, మూడు రోజులు చేప కడుపులో ఉన్న యోనా ప్రవక్త సూచనే దక్కింది. వాళ్లు యేసు చేసిన స్వస్థతలు కళ్లారా చూసి కూడా అడిగారు మరి.

మా పాస్టరుగారు "ముందు అగ్రిమెంటు చదువమ్మా, ఆదివారం సెలవుందో లేదో చూడు" అన్నారు. చూశాను, లేదు. సంతకం పెట్టలేదు. టెన్షన్ తగ్గింది గానీ ఏజెంటు ఫోన్లు ఆగలేదు.