"ఆ పేరునుబట్టియే": ఒకటవ పేతురు 4:16 పై చర్చ

ప్రశ్న: క్రైస్తవుడైనందుకు బాధ అనుభవించేవాడు సిగ్గుపడక, "ఆ పేరునుబట్టియే" దేవుని మహిమపరచవలెనని ఈ వచనం చెబుతున్నది. బాధ మాట వచ్చినచోట పేరు ప్రస్తావన ఎందుకు? బాధపడేవాడికి భయం ఉండడం సహజం గాని, సిగ్గెందుకు?

సమాధానం: "క్రైస్తవుడు" అనే మాట కొత్త నిబంధనలో మూడు చోట్లే ఉంది. అపొస్తలుల కార్యములు 11:26లో అంతియొకయలో శిష్యులు మొట్టమొదట ఆ పేరుతో పిలువబడ్డారని ఉంది. 26:28లో అగ్రిప్ప రాజు పౌలు మాటలను తేలికచేస్తున్నట్లుగా ఆ పేరెత్తుతాడు. మూడవది ఈ వచనం. తమలో తాము సహోదరులనీ పరిశుద్ధులనీ పిలుచుకొన్నవారికి బయటివారు తగిలించిన పేరిది అన్నమాట. (ఈ వచనంలో "ఆ పేరునుబట్టి" అన్నచోట తరువాతి కాలపు గ్రీకు ప్రతులు అనేకం "ఈ విషయంలో" అంటాయి, పాత ప్రతులలో ఉన్నది "పేరు" అనే పాఠమే, సందర్భానికి పొసగేదీ అదే.)

పేతురు పేరిట ఉన్న ఈ పత్రిక, అంటే లేఖ, ఎవరికి వ్రాయబడిందో ఆ ప్రాంతాలలో పొంతు, బితూనియ (నేటి టర్కీ ఉత్తర భాగం) ఉన్నాయి. క్రీ.శ. 112 ప్రాంతంలో అక్కడి రోమా అధికారి ప్లినీ, వేరే నేరమేదీ లేకపోయినా ఆ పేరు ఒక్కటే శిక్షకు చాలునా, లేక పేరుతో ముడిపడిన నేరాలనే శిక్షించాలా అని ట్రాజన్ చక్రవర్తిని లేఖలో అడిగాడు. జవాబు వచ్చేదాకా ఆగకుండానే, క్రైస్తవులమని ఒప్పుకొన్నవారిని మూడేసిసార్లు అడిగి, పట్టు విడవనివారికి మరణశిక్ష వేయించాడు.

ఇక సిగ్గు సంగతి. సిలువ ప్రధానంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే శిక్ష గనుక, అలా చనిపోయినవాడిని దేవుడనడం రోమీయులకు నవ్వులాటగా తోచింది. రోములోని పాలటైన్ కొండమీద 1857లో బయటపడిన ఒక గోడగీతలో గాడిద తల ఉన్న మనిషి సిలువపై ఉంటాడు, పక్కనే ఒకడు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు, కింద "అలెక్సామెనోస్ తన దేవుని ఆరాధిస్తున్నాడు" అని గ్రీకులో గీకి ఉంటుంది. తోటివారు రోజూ చూసే గోడమీద ఇలా పరువు తీస్తే కలిగేది భయం కంటే ముందు తలవంపు. పేతురు అలా ఎగతాళికి గురయ్యే మనిషిని ధైర్యం తెచ్చుకొమ్మనడం లేదు. ఎగతాళికి వాడిన ఆ పేరునే దాచుకోకుండా, దానితోనే దేవుని మహిమపరచమంటున్నాడు.

మరొక సభ్యురాలి ప్రశ్న: మా కూటాలలో అప్పులకూ జబ్బులకూ ఇంటి తగాదాలకూ కూడా ఈ వచనమే చదువుతారు. అది సరియైన అన్వయమేనా, మాష్టారూ?

సమాధానం: ఓదార్పుకు చదవడంలో తప్పులేదమ్మా, కాని ఈ వచనం చెప్పేది అది కాదు. దీనికి ముందున్న పదిహేనవ వచనాన్ని మనవాళ్లు తరచు దాటవేస్తారు. నరహంతకుడుగా గాని, దొంగగా గాని, దుర్మార్గుడుగా గాని, "పరులజోలికి పోవువాడుగా" గాని ఎవడూ బాధ అనుభవింప తగదని అక్కడ ఉంది. హంతకుడి వరుసలో పరుల జోలికి పోయేవాడిని నిలబెట్టడం గమనించదగినది. పొరుగువారి సంసారంలో తలదూర్చి చీవాట్లు తిన్నవాడు, తనకు విశ్వాసం కోసం శ్రమ కలిగిందని చెప్పుకోవడానికి ఈ వరుస తావివ్వదు. నేరానికి పడే బాధ వేరు, పేరుకు పడే బాధ వేరు అని పేతురు విడదీశాడు. ప్లినీ తన లేఖలో తేల్చుకోలేకపోయినది సరిగ్గా ఆ తేడానే.