పుదుచ్చేరి పాత పట్నం మిద్దెలు: డంగు సున్నమా, సిమెంటా?

యానాంవాసి:
2014 నవంబరు వానల్లో మన రాజధాని పుదుచ్చేరిలో బీచి రోడ్డు మీది పాత మేరీ భవనం (ఫ్రెంచి వాళ్ళ నాటి పురపాలక కార్యాలయం) కూలింది. అదే చోట, అదే రూపులో మళ్ళీ కట్టి 2021లో తెరిచారు. అది సర్కారు డబ్బు. పాత పట్నంలో సొంతిల్లు ఉన్నవాళ్ళకు కూడా డంగు సున్నమే (గానుగలో రుబ్బిన సున్నం) వాడమని చెప్పడం న్యాయమేనా? వీధి వైపు గోడ ఉంచేసి లోపలంతా సిమెంటుతో కానిస్తే పోయేదేముంది?

మండువా:
ఇటుకే పోతుందండీ. ఆ ఇళ్ళవి మెత్తటి ఇటుకలు. నేలలోని చెమ్మ ఉప్పుతో సహా గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. సున్నపు పూతలోంచైతే ఆ చెమ్మ బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. ఉప్పు పూత వెనకాలే పేరుకుని ఇటుకను పొడి చేస్తుంది. అడుగున పెచ్చులూడిన చోట మేస్త్రీ మళ్ళీ సిమెంటే మెత్తుతాడు, చెమ్మ ఆ అతుకు దాటి ఇంకో అడుగు పైకి పోతుంది. పైన ప్లాస్టిక్ రంగు వేశారా, ఇక చెప్పక్కర్లేదు.

దూలం:
గోడ సంగతి ఒప్పుకున్నా. మద్రాసు టెర్రాసు, అదే ఆ ఇళ్ళ పాతకాలపు కప్పు మాటేమిటి? టేకు వాసాల మీద అంగుళం మందం ఇటుకలు ఏటవాలుగా, నిలువుగా పేర్చాలి. పైన ఇటుక జల్లి, సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాలు పోసి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టాలి. కొట్టేవాళ్ళేరీ? టేకు ధర చూశారా? శ్లాబు వేసుకోవడం నయం.

మండువా:
కప్పంతా విప్పమని ఎవరన్నారు? ముందు వాసం కొనలు చూడండి, గోడలో దూరే చోట. స్క్రూడ్రైవరు గుచ్చితే మెత్తగా దిగిందంటే ఆ ఒక్కటీ మార్చండి. చాలా కప్పులు చెడేది తూము పూడి నీళ్ళు నిలిచినందుకే. కారుతోందని పైన రెండంగుళాల కాంక్రీటు పోస్తారు, చదరపు అడుగుకు 11 కిలోల పైమాటే. చివికిన కొన మోస్తుందా?

పూతకు: బాగా నానిన సున్నం ఒక పాలు, ఉప్పులేని ఇసుక మూడు పాళ్ళు, కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్ళు. ఒక్కో పూత అర అంగుళం దాటకూడదు, వారమన్నా తడి ఆరనివ్వకూడదు. ఈశాన్య వానలు వెళ్ళాక, జనవరిలో మొదలెట్టాలి.

బంగాళాఖాతం:
వీధి గోడ ఒక్కటీ నిలిపితే చాలన్న మాట ఫ్రెంచి పేటలో కాస్త చెల్లుతుందేమో గానీ, కాలువకు అవతల తమిళ పేటలో చెల్లదు. వైశ్యాళ్ వీధి చూడండి. కింద అరుగు, దాని ముందు స్తంభాల పంచ, లోపల మండువా. మేడ మీద మాత్రం ఫ్రెంచి పద్ధతి కమాను కిటికీలు. మండువా మూసి శ్లాబు వేస్తే గాలీ వెలుతురూ రెండూ పోతాయి.

దూలం:
మండువా మూయమనలేదు. వాసాలన్నీ చివికిన ఇంటికి శ్లాబు తప్పదంటున్నాను, అంతే. అదైనా సముద్రపు గాలికి లోపలి ఇనుప కమ్మీ తుప్పు పట్టకుండా పైన కాంక్రీటు మందం సరిగా ఉంటేనే.

యానాంవాసి:
అయితే ముందు తూములు, వాసం కొనలు చూపించి, ఆ తర్వాతే లెక్క వేయిస్తాం. డంగు సున్నం గానుగ ఆడించేవాళ్ళు దగ్గర్లో ఎవరైనా ఉంటే చెప్పండి.