మూడు క్రెడిట్ కార్డుల బాకీ: నెలనెలా కడుతున్నా తగ్గడం లేదు, దారి చెప్పండి

వేపచెట్టు:
అందరికీ నమస్కారం. అమ్మ ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ సగం ఖర్చే ఇచ్చింది. మిగతాది కార్డుల మీద లాగాల్సి వచ్చింది. అమ్మ ఇప్పుడు బాగుంది, అదొక్కటే ఊరట. బాకీ మాత్రం అలాగే ఉంది.

మొదటి కార్డు మీద 1,20,000, నెలకి 3.5 శాతం వడ్డీ. రెండోది 60,000, వడ్డీ 3.25 శాతం. మూడోది 20,000, వడ్డీ 2.5 శాతం. మూడింటికీ మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) తప్పకుండా కడుతున్నాను, ఇప్పుడు నెలకి దాదాపు 10,000 అవుతోంది. ఇల్లు గడవగా గట్టిగా బిగిస్తే 14,000 దాకా పెట్టగలను. ఇంట్లో సరుకులు ఇప్పటికీ రెండో కార్డు మీదే కొంటున్నాం. పాప చదువు కోసం వేసిన 50,000 డిపాజిట్ ఉంది, ఏడాదికి 7 శాతం వస్తుంది. దాన్ని కదిలించాలంటే మనసు ఒప్పడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండి. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

లెక్కలమ్మ:
నేను చాలా ఏళ్లు బ్యాంకులో కార్డు బకాయిల విభాగంలో పనిచేశాను. మీలాంటి ఖాతాలు రోజూ చూసేదాన్ని. ఒక్క నెల కూడా ఎగ్గొట్టని మనిషి, ఏళ్ల తరబడి అదే బాకీలో ఉండిపోవడం చూస్తే నాకు చాలా కష్టంగా ఉండేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ మూడు కార్డుల వడ్డీ ఈ నెల 4,200, 1,950, 500. కలిపి 6,650. మీరు కట్టే 10,000లో అసలుకి వెళ్లేది 3,350 మాత్రమే. పైగా మినిమం అనేది బాకీలో శాతం. బాకీ కాస్త తగ్గగానే అదీ తగ్గుతుంది, మీరు కట్టేదీ తగ్గిపోతుంది. నెలకి 3.5 శాతం వడ్డీ ఉన్న కార్డుకి 5 శాతం మినిమం కడుతూ పోతే, కొత్తగా ఏమీ కొనకపోయినా బాకీ సగం కావడానికే 41 నెలలు పడుతుంది. మిగతా సగంలో సగం పోవడానికి ఇంకో 41 నెలలు. 3.5 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, చక్రవడ్డీతో ఏడాదికి 51 శాతం అవుతుంది.

కాబట్టి మినిమం అనే అంకెను ఇక చూడకండి. 14,000 అనుకున్నారు కదా, బాకీ ఎంత తగ్గినా ప్రతి నెలా అదే 14,000 కట్టండి. మూడింటి మినిమం పోగా మిగిలింది ఎక్కువ వడ్డీ ఉన్న మొదటి కార్డుకి వేయండి. కార్డుల మీద కొత్తగా ఏమీ కొనకుండా ఉంటే, ఈ ఒక్క పనితో 20 నెలల్లో మూడు కార్డులూ తీరిపోతాయి. జీతం పడిన రోజే కట్టేయండి. వడ్డీ రోజువారీ బాకీ మీద లెక్కిస్తారు, గడువు తేదీ దాకా ఆగితే ఆ రోజులకీ వడ్డీ పడుతుంది.

సరుకులు కార్డు మీద కొనడం ఈరోజే ఆపండి. పాత బాకీ ఉన్న కార్డుకి సాధారణంగా వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఇక కార్డుతో నగదు తీయడం, ఒక కార్డులో తీసి ఇంకో కార్డుకి కట్టడం ఎంత ఇబ్బందిలోనూ చేయకండి. అక్కడ ఫీజు వేరే, వడ్డీ వేరే.

డిపాజిట్ సంగతి. పాప పేరు చెప్పారు కాబట్టి మీ మనసు అర్థమవుతోంది. కానీ ఆ 50,000 మీద ఏడాదికి వచ్చేది 3,500. అంతే మొత్తానికి మొదటి కార్డు రెండు నెలల్లోనే 3,500 లాగేసుకుంటోంది. అత్యవసరానికి 10,000 ఉంచుకుని, 40,000 మొదటి కార్డుకి కట్టేయండి. అప్పుడు అదే 14,000తో 15 నెలల్లోపే బయటపడతారు. ఆ తర్వాత అదే మొత్తాన్ని పాప డిపాజిట్‌లో వేసుకుంటే మూడు నెలల్లో 40,000 దాటుతుంది.

ఏడాదికి 15 శాతానికి పర్సనల్ లోన్ దొరికితే ఇంకా మంచిది. మొదటి రెండు కార్డుల్లో మిగిలిన 1,40,000కి రెండేళ్ల లోన్ అయితే ఈఎంఐ 6,790 లోపే. మిగిలిన 7,200తో మూడో కార్డు మూడు నెలల్లో పోతుంది. ఆ తర్వాత ఆ డబ్బుతో లోన్ ముందే తీర్చుకోవచ్చు. ముందే తీరిస్తే జరిమానా ఉందా, ప్రాసెసింగ్ ఫీజు ఎంత అన్నది సంతకం పెట్టకముందే అడగండి. లోన్ రాగానే ఖాళీ అయిన కార్డుల లిమిట్ తగ్గించమని రాసివ్వండి. లోనూ ఉండి, కార్డూ మళ్లీ నిండిన వాళ్లను నేను చాలామందిని చూశాను.

తూనీగ:
లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీ కార్డే ముందు, నిజమే. కానీ మా ఇంట్లో చిన్న బాకీ ముందు తీర్చాం. ఒక స్టేట్‌మెంట్ రావడం ఆగిపోతే మనిషికి ధైర్యం వస్తుంది. మీ చిన్న కార్డు 20,000 కదా, దాన్ని ముందు కొట్టేయండి అన్నది నా మాట. ఇంకొకటి, వేరే బ్యాంకు కార్డుకి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే, అంటే బాకీని అక్కడికి మార్పించుకుంటే, కొన్ని నెలలు వడ్డీ తక్కువ ఉంటుంది.

లెక్కలమ్మ:
తూనీగ గారూ, ధైర్యం గురించి మీరు చెప్పింది కాదనను. వడ్డీల మధ్య తేడా కొంచెమే అయితే నేనూ అదే చెప్పేదాన్ని. ఇక్కడ 2.5కీ 3.5కీ తేడా ఎక్కువ. ట్రాన్స్‌ఫర్ మంచి దారే, కాకపోతే ఫీజు కలిపి లెక్కేసుకోవాలి. తక్కువ వడ్డీ గడువులోనే తీర్చగలిగినంత మాత్రమే మార్చాలి. గడువు దాటితే మామూలు వడ్డీకే వస్తుంది.

వేపచెట్టు:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. 6,650 వడ్డీకే పోతోందని ఇన్నాళ్లూ విడదీసి చూడలేదు. డిపాజిట్ గురించి మా ఆవిడతో మాట్లాడాను, తనూ సరే అంది. ఇంకో సందేహం. ఒకాయన ఫోన్ చేసి, కార్డులు కట్టడం ఆపేయండి, సగానికి సెటిల్ చేయిస్తాం, ముందు మా ఫీజు పంపండి అన్నాడు. నమ్మొచ్చా?

లెక్కలమ్మ:
వద్దండి. దయచేసి వద్దు. ముందు ఫీజు అడిగేవాళ్లకి ఒక్క పైసా పంపకండి, ఓటీపీ, కార్డు నంబరు చెప్పకండి. కట్టడం ఆపితే లేటు ఫీజులు పడతాయి, క్రెడిట్ రిపోర్టు దెబ్బతింటుంది, మీకు రావాల్సిన 15 శాతం లోన్ కూడా చేజారుతుంది. సెటిల్‌మెంట్ అనేది అస్సలు కట్టలేని స్థితిలో ఉన్నవాళ్లకి. అదైనా నేరుగా బ్యాంకుతోనే, కాగితం మీద రాయించుకున్నాకే. పూర్తిగా తీర్చినట్టు కాకుండా 'సెటిల్డ్' అని రిపోర్టులో ఏళ్లపాటు ఉండిపోతుంది. మీకు ఆ అవసరం లేదు.

రేపు మీరే కార్డు బ్యాంకుకి ఫోన్ చేయండి. ఇప్పటిదాకా గడువు తప్పలేదు కాబట్టి మీ మాటకి విలువ ఉంటుంది. "ఆస్పత్రి ఖర్చు వల్ల బాకీ పెరిగింది, దీన్ని తక్కువ వడ్డీ ఈఎంఐగా మారుస్తారా" అని అడగండి. మొదట మాట్లాడినవాళ్లు కుదరదంటే పై అధికారికి కలపమనండి. ఏ వడ్డీ, ఎన్ని నెలలు, ఫీజు ఎంత అన్నది మెయిల్‌లో పంపమనండి. ఆ మెయిల్ వచ్చాక వివరాలు ఇక్కడ పెట్టండి, పర్సనల్ లోన్‌తో పోల్చి ఏది తక్కువ పడుతుందో నేను లెక్కేసి చెప్తాను.