అప్‌డేట్: పెదనాన్న వెంటిలేటర్ విషయం

మెదడులో రక్తస్రావమై పెదనాన్న వెంటిలేటర్ మీద ఉన్నారని, ఇక కోలుకోరని డాక్టర్లు తేల్చేశారని, గొట్టం తీయించడమంటే మన చేతులతో చంపినట్టేనా అని అప్పుడు అడిగాను కదా. తీయించాం. 2018లో సుప్రీంకోర్టు దీన్ని అనుమతించింది, 2023లో పద్ధతిని సులువు చేసింది. ముగ్గురు డాక్టర్ల బోర్డు చూసింది, తర్వాత ఇంకో ముగ్గురి బోర్డు వేరుగా చూసి ఒప్పుకుంది, మెజిస్ట్రేట్‌కి తెలియజేశారు.

పెద్దమ్మ మాత్రం "నేను చెయ్యి వేయనురా, దేవుడే తీసుకెళ్లనీ" అంది. ఐసీయూ డాక్టరమ్మ మెల్లగా "మిషన్ ఉంచాలని కూడా రోజూ మీరే నిర్ణయిస్తున్నారు కదమ్మా" అన్నారు, నాకు అదే నిజమనిపించింది, ఎందుకంటే మేం ఏమీ చేయకుండా కూర్చున్నా ఆయన మూతి పక్కన టేపు ఒరుసుకుని పుండు పెద్దదవుతూనే ఉంది. మొదట్లోనే పెట్టకపోతే పాపం లేదు, పెట్టాక తీస్తే పాపం అంటున్న బంధువుల మాట నేను ఒప్పుకోను. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం వేరు, దానికి చట్టమూ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను.

పెద్దమ్మని ఎవరూ బలవంతపెట్టలేదు, అన్నయ్యే సంతకం పెట్టాడు. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టర్ని ముందే పిలిపించమని అడగండి, ఆయాసం తెలియకుండా మందులిచ్చాకే తీస్తారు.