అప్‌డేట్: బీచ్ క్యాటమరాన్ రేసులకు ఎన్ని క్లాసులు?

మా క్లబ్‌లో రకరకాల చిన్న క్యాటమరాన్లు (పక్కపక్కనే రెండు పొట్టలుండే తెరచాప పడవలు) ఉన్నాయి, ఎన్ని క్లాసులు పెట్టాలని అడిగాను కదా. రెండే పెట్టాం. హోబీ 16కి సొంత క్లాసు: అన్నీ ఒకే డిజైన్, డాగర్‌బోర్డులు (పడవ కింద నీళ్లలోకి దించే పలకలు) లేవు కాబట్టి ఇసుక మీదికి నేరుగా వచ్చేస్తాయి, ముందు చేరినవాళ్లే విజేతలు. మిగతావన్నీ ఓపెన్ క్లాసులో, ఎస్‌సీహెచ్‌ఆర్‌ఎస్ హ్యాండిక్యాప్‌తో (చిన్న క్యాటమరాన్లకు పడవను బట్టి రేటింగ్ ఇచ్చి, దాంతో రేసు సమయాన్ని సరిచేసే పద్ధతి).

అసలు తలనొప్పి అక్కడే. ఫార్ములా 18 అంటే ఇద్దరు నడిపేది, స్పినకర్ (గాలివాటున వెళ్లేటప్పుడు ఎత్తే పెద్ద అదనపు తెరచాప), కనీసం 180 కిలోల పడవ. ఏ-క్లాస్ ఒక్కరే నడిపే 75 కిలోల పడవ. గాలి మారితే ఏ రేటింగూ ఇద్దరినీ మెప్పించదు. ఏ-క్లాస్ వాళ్లు కాస్త అలిగారు కూడా! అయినా రెండు పడవల కోసం వేరే స్టార్ట్ ఇవ్వలేం. నాక్రా 15 (కుర్రాళ్ల క్యాటమరాన్) నడిపే పిల్లలు నలుగురైదుగురు చేరితే మాత్రం మూడో క్లాసు పెడతాం.