‘సాగి టింకరు … ఛాన్సు చేరె’: మూడో గణం ఏమిటి?

డల్లాస్ సభ్యులు:
బేస్‌బాల్ మీద ఎవరో చదవగా విన్న తేటగీతి పాదం ఒకటి సగమే గుర్తుండి వేధిస్తోంది: ‘సాగి టింకరు … ఛాన్సు చేరె’. మూడో గణం జారిపోయింది. చికాగో కబ్స్ జట్టు ఆటగాళ్లు ముగ్గురి మీద ఫ్రాంక్లిన్ పి. ఆడమ్స్ 1910 జులైలో న్యూయార్క్ ఈవెనింగ్ మెయిల్ పత్రికలో రాసిన ఆంగ్ల పద్యంలోని ‘టింకర్ టు ఎవర్స్ టు ఛాన్స్’కు ఇది అనువాదమనుకుంటున్నాను. పూర్తి పాదం తెలిసినవారు చెప్పగలరు.

తెనాలి సభ్యులు:
అనువాదమే అయితే ఖాళీలో ఉండవలసింది ఎవర్సే. రెండు, మూడు బేస్‌ల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ టింకర్ అందుకున్న బంతి రెండో బేస్ దగ్గరి ఎవర్స్‌కు, అక్కడి నుంచి మొదటి బేస్ దగ్గరి ఛాన్స్‌కు చేరేలోగా ప్రత్యర్థులు ఇద్దరు అవుటవుతారు. చిక్కల్లా ‘ఎవర్సు’ జగణం (లఘువు, గురువు, లఘువు) కావడమే. తేటగీతిలో మూడోది ఇంద్రగణం కావాలి, ఇంద్రగణాల్లో జగణానికి చోటు లేదు. అయితే ఆ పేరును ‘ఈవర్స్’ అని దీర్ఘం తీసి పలికేవారూ ఉన్నారు కాబట్టి, ‘సాగి టింకరు నీవర్సు ఛాన్సు చేరె’ అంటే ఇంద్రగణమైన తగణం పడుతుంది, మొదటి, నాలుగో గణాల తొలి అక్షరాలకు సా–ఛా యతీ చెల్లుతుంది.

వరంగల్ సభ్యులు:
యతి చెల్లింది సరే, ‘నీవర్సు’లో నకారం ఎక్కడిది? ప్రథమా విభక్తి మీద ద్రుతం (నకారం) రాదు. ‘మరియు’ అనే అర్థంలో సముచ్చయం అంటే అది ‘టింకరూ ఈవర్సూ’ అవుతుంది. ఆడమ్స్ రెండో పాదంలోనూ చివరి పాదంలోనూ ‘టు’ వాడి, నాలుగో పాదంలో మాత్రమే ‘అండ్’ అన్నాడు. ‘చేరె’ అన్న క్రియ ఉంది గనుక మనది ‘టు’ పాదం. నకారం తీసేస్తే, ఉత్వసంధి నిత్యం కాబట్టి, ‘టింకరీవర్సు’ అయి గణాలు చెదురుతాయి. చికాగోలో పుట్టి, ప్రత్యర్థి జట్టు న్యూయార్క్ జెయింట్స్ అభిమాని గొంతుతో వాపోయిన ఆ చమత్కారి ఒక్క మాటతో చూపిన తేడాను పాదపూరణ కోసం చెరిపేయడం నాకు రుచించదు.

నేపర్‌విల్ సభ్యులు:
మీరిద్దరూ 1910 దగ్గరే ఆగిపోయారు. ఆ ఏడు 104 ఆటలు గెలిచి లీగ్‌లో అగ్రస్థానాన నిలిచిన కబ్స్ వరల్డ్ సిరీస్‌లో ఫిలడెల్ఫియా చేతిలో 4–1తో ఓడింది. 1912 సీజన్ ముగిశాక ఈ త్రయం చెదిరిపోయింది. నా ఉద్దేశంలో పాదం ఆ ఎడబాటు గురించినదే, మూడో గణం ‘రెడ్సును’, చక్కని భగణం, అదీ ఇంద్రగణమే. కబ్స్ వదులుకున్న ఛాన్స్‌ను సిన్సినాటి రెడ్స్ తీసుకుంది. డిసెంబరులో ఎనిమిదిమంది ఆటగాళ్లు చేతులు మారిన మార్పిడిలో టింకర్ కూడా, ఆటగాడూ మేనేజరూ తానే అయి, అక్కడికే వెళ్లాడు. ఎవర్స్ మాత్రం 1913లో మేనేజరుగా చికాగోలోనే ఉండి, 1914లో గాని బోస్టన్ బ్రేవ్స్‌కు పోలేదు. పాదంలో అతడు కనిపించకపోవడానికి కారణం అదే.

వరంగల్ సభ్యులు:
ఊహ ముచ్చటగా ఉంది గాని, ‘సాగి’ క్త్వార్థకం, అంటే ‘వెళ్లి’ వంటి అసమాపక క్రియ. సాగినవాడే చేరాలి, టింకరు సాగితే ఛాన్సు చేరడం ఏ వ్యాకరణానికీ ఒప్పదు.

నేపర్‌విల్ సభ్యులు:
అయితే అది ‘సాగ’ అయి ఉంటుంది. డల్లాస్ వారు విన్నది ‘గి’నా, ‘గ’నా?

తెనాలి సభ్యులు:
‘సాగ’ అంటే టింకరు వెళ్లాక ఛాన్సు చేరినట్టు. జరిగింది అది కాదు. రెడ్స్ ముందు తీసుకున్నది ఛాన్స్‌నే, అతడు ఆ జట్టు తరఫున ఒక్క ఆటా ఆడకుండానే న్యూయార్క్ యాంకీస్‌కు మేనేజరుగా వెళ్లిపోయాడు. పైగా ‘సాగన్’ ద్రుతాంతం (నకారంతో ముగిసే పదం), దాని మీది పరుషం ‘ట’ సరళం ‘డ’ కావాలి కదా. ‘సాగ డింకరు’ అనవలసి వస్తుంది. 1946లో ముగ్గురినీ ఒకేసారి హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపిక చేసినవారు ఈ డింకరును పోల్చుకోగలరా?

డల్లాస్ సభ్యులు:
టకారమే విన్నానని ప్రమాణం చేయగలను. ‘గి’ విషయంలో మాత్రం, ఇంత చర్చ చదివాక, చేయలేను.