యుద్ధం ఇంటి మీదికొస్తే దాడి చేసిన దేశపు జనం ఏం చేస్తారు?

సత్యనారాయణపురం

మా అక్క కూతురు రష్యాలోని కుర్స్క్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది. 2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సైన్యం సరిహద్దు దాటి ఆ ప్రాంతంలోకి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో టెన్షన్ తగ్గింది లేదు. పిల్ల అద్దెకుండే ఇంటి ఓనరమ్మకు డెబ్బై దాటాయట. సైరన్ మోగగానే ఆవిడ అందరినీ కిటికీల్లేని నడవాలోకి తీసుకొచ్చి, వీధికీ మనకూ మధ్య రెండు గోడలుండాలని కూర్చోబెడుతుంది. స్నానాల తొట్టెలో ముందే నీళ్లు పట్టి ఉంచుతుంది. కిటికీ అద్దాలకు అడ్డంగా, ఐమూలగా టేపు అంటించింది. బస్టాపుల్లో తలదాచుకోడానికి కాంక్రీటు గదులు వెలిశాయి.

ఒకరోజు పిల్ల ఉండబట్టలేక అడిగిందట, ఇదంతా ఎవరి వల్ల బామ్మా అని. "మా గవర్నరు వల్ల. సరిహద్దు ఊళ్లకు బస్సులు పంపలేదు" అంది ఆవిడ. యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్న మాటే ఆవిడ నోట రాలేదు.

అప్పటి నుంచి నాకిదే ఆలోచన. దాడికి దిగిన దేశంలో మామూలు జనం గుమ్మం దాకా యుద్ధం వస్తే వాళ్లు తమ ప్రభుత్వాన్ని నిలదీస్తారా, కసితో ఇంకా గట్టిగా దాని వెనక నిలబడతారా? నాకైతే రెండూ జరగవనిపిస్తోంది. ఎవరిల్లు వాళ్లు చూసుకుంటారు. కోపం వస్తుంది గానీ, చేతికందేవాడి మీదికే పోతుంది. మీరేమంటారు?

పటమట

అన్నా, నాకు జాలి కలగట్లేదు. 2022 ఫిబ్రవరి 24న వాళ్ల ట్యాంకులు పక్క దేశంలోకి పోయినప్పుడు ఈ జనం ఏం చేశారు? యుద్ధానికి మద్దతుగా కార్లకు జెడ్ అక్షరం అంటించుకుని తిరిగినవాళ్లెంతమంది! రెండున్నరేళ్లు పక్కవాళ్ల ఇళ్లు తగలబడుతుంటే టీవీలో చూశారు. తనదాకా వస్తేగానీ తెలియదంటారు కదా. తెలియనివ్వండి. 2022 సెప్టెంబరు 21న పుతిన్ సమీకరణ ప్రకటించి, 3 లక్షల మందిని సైన్యంలోకి తీసుకుంటామన్నాకే కదా జార్జియా సరిహద్దులో కార్లు బారులు తీరింది. నొప్పి తెలిస్తేనే మనిషి కదులుతాడు.

బ్రాడీపేట 4వ లైను

ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

పటమట బాబూ, కదిలిన మాట నిజమే. ఎటు కదిలారో చూడు. ఎక్కువమంది సరిహద్దు వైపే పరిగెత్తారు. వీధిలోకి వచ్చిన కొద్దిమందిలో వెయ్యిమందికి పైగా ఆ ఒక్కరోజే పోలీసు వ్యాన్లెక్కారు.

నొప్పి తెలిస్తే తిరగబడతారన్న లెక్క రెండో ప్రపంచ యుద్ధంలోనూ వేశారు. బ్రిటన్, అమెరికా విమానాలు జర్మనీ నగరాలను నేలమట్టం చేశాయి. 1943 జులై చివర్లో హాంబర్గ్‌లో వారం, పది రోజుల్లో 35 వేలమందికి పైగా చనిపోయారు. తిరుగుబాటు రాలేదు. యుద్ధం ముగిశాక అమెరికా వాళ్లే సర్వే బృందాన్ని పంపి జర్మన్లను అడిగి తెలుసుకున్నారు. గెలుస్తామన్న నమ్మకం పోయింది, నాయకుల మీద గురి పోయింది. అయినా పొద్దున్నే డ్యూటీకి వెళ్లారు. ఎందుకెళ్లరు? రేషను కార్డు, ఇల్లు కూలితే ఉండడానికి చోటు, నష్టపరిహారం, అన్నీ ఆ ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. నోరెత్తితే గెస్టపో, అంటే హిట్లర్ రహస్య పోలీసులు. మ్యూనిక్‌లో హిట్లర్‌కు వ్యతిరేకంగా కరపత్రాలు పంచిన అన్నాచెల్లెళ్లను 1943 ఫిబ్రవరి 22న, పట్టుకున్న నాలుగు రోజులకే తల నరికేశారు. ఇల్లు పోయినవాడు ప్రభుత్వానికి ఇంకా ఎక్కువగా చేయి చాచాల్సి వస్తుంది. చేయి చాచినవాడు నిలదీయలేడు.

పటమట

మరి ఇటలీ సంగతేంటి మాస్టారూ? 1943 జులై 19న రోమ్ మీద బాంబులు పడ్డాయి. 25న ముసోలినీ దిగిపోయాడు. వారం కూడా పట్టలేదు.

బ్రాడీపేట 4వ లైను

దించింది జనం కాదు. సొంత పార్టీ పెద్దల మండలి అతనికి వ్యతిరేకంగా ఓటేసింది, రాజు అరెస్టు చేయించాడు. అప్పటికి సిసిలీలో శత్రుసేనలు దిగి రెండు వారాలైంది. కబురు తెలిశాక జనం వీధుల్లోకొచ్చి పండగ చేసుకున్నారు.

అయితే నీ మాటలో పనికొచ్చేది ఒకటుంది. అదే ఏడాది మార్చిలో టురిన్‌లో ఫియట్ కార్మికులు సమ్మె చేశారు. ఫాసిస్టుల రాజ్యంలో సమ్మె అంటే మాటలా! వాళ్లు మొదట అడిగింది యుద్ధం ఆపమని కాదు. బాంబులకు భయపడి కుటుంబాలను ఊరు దాటించిన కార్మికులకు ప్రకటించిన 192 గంటల జీతం అందరికీ ఇవ్వమన్నారు. పొట్ట దగ్గర మొదలైన ఆ సమ్మె ఊరూరికీ పాకి రాజకీయమైంది. అందుకని ఆ ఓనరమ్మ బస్సుల మాటను తీసిపారేయకండి. అడగడం అక్కడే మొదలవుతుంది.

కృష్ణలంక

ఇన్నాళ్లూ చదివి ఊరుకుంటున్నాను. ఈసారి రాయకుండా ఉండలేను.

2022లో నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మెడిసిన్ మూడో ఏడు చదువుతున్నాను. హాస్టల్ కింద నేలమాళిగలో ఆరు రోజులున్నాం. మార్చి 1న సరుకుల కోసం బయటికెళ్లిన కర్ణాటక కుర్రాడు దాడిలో చనిపోయాడు. మర్నాడు ఎంబసీ నుంచి మెసేజ్ వచ్చింది, బండ్లు దొరక్కపోతే నడిచైనా ఊరు దాటండని. ఊరి బయట పెసోచిన్ దాకా మంచులో నడిచాం. నా బ్యాగులో రెండు బిస్కెట్ ప్యాకెట్లు, పాస్‌పోర్టు, అమ్మ పెట్టిన ఆవకాయ సీసా. ఆ సీసా బరువని దారిలో ఒకచోట పెట్టేసి వచ్చాను.

మాకు అనాటమీ చెప్పిన మేడమ్ చెల్లెలు రష్యాలోని బెల్గొరోడ్‌లో ఉంటుంది. సరిహద్దుకు అటూ ఇటూ ఊళ్లు, మధ్య దూరం ఎనభై కిలోమీటర్లు కూడా లేదు. మేడమ్ నేలమాళిగలోంచి ఆమెకు ఫోన్ చేసి, మా మీద బాంబులు వేస్తున్నారే అంది. స్పీకర్‌లో మేమంతా విన్నాం. "మావాళ్లు జనం మీద వెయ్యరు, మీవాళ్లే వేసుకుంటున్నారు" అంది ఆ చెల్లెలు.

మాస్టారూ, భయపడి నోరు మూసుకోవడం నాకు అర్థమవుతుంది. సొంత అక్క ఏడుస్తూ చెబుతుంటే నమ్మకపోవడానికి ఏ గెస్టపో అడ్డమొచ్చింది?

సింగ్ నగర్

అమ్మా, నీ బాధకు జవాబు నా దగ్గర లేదు. యుద్ధంతో పోల్చదగ్గది కూడా కాదు. కానీ మనిషి మనసు గురించి నేను చూసింది చెబుతాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా ఇళ్ల మీద పడింది. కింద వాటా మునిగిపోతే నాలుగు రోజులు డాబా మీదే ఉన్నాం. మూడో రోజు డ్రోన్ వచ్చి అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు దించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ నాలుగు రోజులూ మేం తిట్టుకున్నది డబ్బులడిగిన పడవవాణ్ణి, రెండు పాల ప్యాకెట్లు ఎక్కువ తీసుకున్న పక్కింటివాళ్లని. వాగు ఎందుకు పొంగింది, గట్టు ఎందుకు తెగింది అన్న మాట బురద కడుక్కున్నాకే వచ్చింది. మెడ దాకా నీళ్లున్నప్పుడు కారణం ఎవడికీ గుర్తు రాదు.

మా చిన్నది ఇప్పటికీ డ్రోన్ చప్పుడు వింటే డాబా మీదికి పరిగెత్తుతుంది. అక్కడ అదే చప్పుడుకు పిల్లలు నేలమాళిగలోకి పరిగెత్తుతున్నారు. అది తలుచుకుంటే కడుపులో దేవినట్టవుతుంది.

సత్యనారాయణపురం

కృష్ణలంక అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను. జనం అంతా అమాయకులని నేననను. ఎదురుతిరిగినవాళ్లూ ఉన్నారని మాత్రం మర్చిపోకూడదు. దాడి మొదలైన తొలి నెలలోనే యుద్ధం వద్దన్న 10 వేలమందికి పైగా రష్యా పోలీసులు పట్టుకెళ్లారు. మార్చి 4న చట్టం తెచ్చారు, సైన్యం మీద తప్పుడు వార్తలన్న పేరుతో 15 ఏళ్ల దాకా జైలు. ఆ తర్వాత 2023 చివర్లో, సమీకరణలో యుద్ధానికి తీసుకెళ్లిన సైనికుల భార్యలు తెల్ల స్కార్ఫులు కట్టుకుని క్రెమ్లిన్ గోడ పక్కన అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర శనివారం శనివారం పూలు పెట్టారు. మా మొగుళ్లను ఇంటికి పంపండి అన్నదే వాళ్ల మాట. 2024లో వాళ్ల బృందానికి విదేశీ ఏజెంట్లన్న ముద్ర వేశారు.

కుర్స్క్ సంగతి చూడండి. లక్షమందికి పైగా ఇళ్లొదిలి పోయారు. సరిహద్దు ఊరు సుజా వైపు జనం వీడియో తీసి పుతిన్‌కే మొర పెట్టుకున్నారు, కింది అధికారులు నిజం చెప్పట్లేదని. 2024 డిసెంబరులో గవర్నరును మార్చారు. 2025 ఏప్రిల్‌లో, సరిహద్దు రక్షణ కట్టడాల డబ్బు తిన్నాడన్న కేసులో ఆ పాత గవర్నరును అరెస్టు చేశారు. జనం కోపానికి ఒక తలకాయ దొరికింది, పైవాడి మీదికి పోలేదు. రాజు మంచివాడే, మంత్రులే చెడ్డవాళ్లన్న మాట మనం వినందా? ఆ నమ్మకం ప్రభుత్వానికి కోటగోడ కంటే గట్టి కాపలా.

పెదనందిపాడు

మా ఊరి పేరు మీద ఒక చరిత్ర ఉంది కాబట్టి అడుగుతున్నాను. 1921-22లో మా ఫిర్కా ఊళ్లు పన్ను కట్టేది లేదని భీష్మించుకున్నాయి. కరణాలు, మునసబులు రాజీనామాలు పడేశారు. తెల్లదొర సైన్యాన్ని దించినా జనం బెదరలేదు. అప్పుడు మాత్రం భయం లేదా? భయం ఒక్కటే కారణమైతే ఆనాడు మావాళ్లూ కట్టేసేవాళ్లే.

నాకు తోచేది వేరు. దొర పరాయివాడు, అతన్ని కాదంటే మనకు పోయేదేమీ లేదు. సొంత జెండా, సొంత కొడుకు యుద్ధానికి పోతే అలా కాదు. ఆ యుద్ధం తప్పని ఒప్పుకుంటే, చచ్చిపోయిన కొడుకు ఊరికే చచ్చిపోయాడని ఒప్పుకోవాలి. ఏ తల్లి ఒప్పుకుంటుంది? అందుకే శవపేటికలు ఎక్కువయ్యేకొద్దీ కొంతమంది నమ్మకం ఇంకా బిగుసుకుంటుంది. మేడమ్ గారి చెల్లెలు నమ్మకపోవడమూ ఆ కోవలోదేనేమో. నమ్మితే మర్నాటి నుంచి ఆమె తన ఊళ్లో ఎలా బతకాలి?

కృష్ణలంక

పెదనందిపాడు గారి మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఇళ్ల మీద బాంబులు వేస్తే మనుషుల మనసు మారదన్నది ఒప్పుకుంటున్నాను. 2023 డిసెంబరు 29న రష్యా ఉక్రెయిన్ నగరాల మీద పెద్ద దాడి చేసింది. మర్నాడు ఉక్రెయిన్ ఎదురుదాడిలో బెల్గొరోడ్‌లో 25 మంది పోయారు. పటమట తమ్ముడూ, వాళ్లకూ నొప్పి తెలిసిందన్న తృప్తి నాకు కలుగుతుందేమోనని చూసుకున్నాను. కలగలేదు.

కానీ బాధ్యత లేదంటే ఒప్పుకోను. బస్సులు ఎందుకు రాలేదని అడిగే ధైర్యం ఉన్నవాళ్లు ట్యాంకులు ఎందుకు పంపారని ఇంట్లోనైనా, పడుకునే ముందైనా అనుకోవాలి. పైకి అనక్కర్లేదు. వాళ్ల నుంచి నేను కోరేది ఆ ఒక్కటే.

బాబాయ్, ఆ ఓనరమ్మ మీద నాకు కోపం లేదు. ఖార్కివ్‌లో మా వార్డెన్ కూడా మమ్మల్ని అలాగే రెండు గోడల మధ్య కూర్చోబెట్టింది. మీ అమ్మాయి ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట కనుక్కోమనండి, ఆవిడకు ఖార్కివ్‌లో చుట్టాలెవరైనా ఉన్నారా అని.